గృహవ్యయము – ఋణవిమోచనము



నేడు నేను చెప్పబూనిన విషయము వినుటకు ఇంపైనది కాదు. కాని వినక తప్పనిది. అప్పులో నున్న సంసారము తన ఇంటి వెచ్చమును ఎట్లు సరిదిద్దుకొనవలెను? ఆ దిద్దుబాటుతో అప్పును ఎట్లు తీర్చుకొనవలెను? ఇదియే ప్రశ్న. ముప్పదిరెండేండ్లు పిల్లలకు బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు నేర్పిన వాడను గనుక, ఈ ప్రశ్నను వేదాంతముగా గాక లెక్కగానే మీ ముందుంచెదను.

మన బేతంచెర్ల, 2022 వఱకు కర్నూలు జిల్లాలోనిది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. జిల్లా మాఱినను నేల మాఱలేదు. ఇది మెట్టసీమ. రైతునకు పంట వచ్చునది ఏడాదికొక మాఱు. అదియును వాన దయ. నాపరాతి గనులలోను, రాయి నునుపు చేయు పాలిషు ఫ్యాక్టరీలలోను పనిచేయువానికి కూలి ముట్టునది పని యున్న దినములకే. కడుపు మాత్రము పని యున్న దినమును లేని దినమును ఎఱుగదు. రాబడి యప్పుడప్పుడు, పోబడి ప్రతిదినము. ఈ రెంటికి నడుమ నున్న యెడమే మన సీమలో అప్పునకు పుట్టినిల్లు.

మన పూర్వులు ఈ యెడమును పాతరతో పూడ్చిరి. పండిన యేట జొన్నలను నేలలో పాతర వేసి, పండని యేట తీసికొని తినిరి. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కఱవునందు ఆ పాతరలును చాలకపోయెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా ప్రజలలో సుమారు నాలుగవ వంతు తగ్గిరి. మిగులు లేనిచోట మనుష్యుడు నిలువజాలడని ఆ కఱవు చెప్పిన పాఠము. నేడు అట్టి కఱవు లేదు. కాని పాతరయును లేదు. దాని చోట ప్రోనోటు వచ్చి కూర్చున్నది.

2019లో కేంద్రప్రభుత్వము జరిపించిన సర్వేలో, ఆంధ్రప్రదేశమున నూటికి 93 వ్యవసాయ కుటుంబములు అప్పులో నున్నట్లు తేలెను. కుటుంబమొక్కింటికి సగటున 2,45,554 రూపాయల అప్పు. దేశములో మఱి యే రాష్ట్రమునందును ఇంత సగటు కానరాలేదు. కావున అప్పుండుట ఒక యింటి అవమానమని యెంచి దాచుకొన పనిలేదు. నూటికి తొంబదిమూడిండ్లలో నున్నది ఒక్క యింటి దోషమెట్లగును? దాచుటయే దోషము. దాచిన అప్పు చీకటిలో పెరుగును.

ఈ జబ్బునకు ప్రభుత్వములు మందు వేయకపోలేదు. 1895, 1897 సంవత్సరములలో ఫ్రెడరిక్ నికల్సన్ దొర మదరాసు ప్రభుత్వమునకు సహకార పరపతిని గూర్చి రెండు సంపుటముల నివేదిక సమర్పించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. అయినను 1930లో మదరాసు రాజధాని బ్యాంకింగు విచారణ సంఘము రాజధానిలోని గ్రామముల అప్పును 150 కోట్ల రూపాయలుగా అంచనా వేసెను. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును తెచ్చెను. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీనాటికి నిలిచియున్న వడ్డీ అంతయు ఆ చట్టము వలన రద్దయ్యెను. అసలునకు రెట్టింపు ముట్టియున్నచో అప్పే కొట్టుపడెను. వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి చెప్పిన నియమమే ఇందు మఱల చట్టరూపము దాల్చినది.

మఱి ఆ చట్టముతో అప్పులు తీఱెనా? 1946లో నారాయణస్వామి నాయుడుగారు మదరాసు ప్రభుత్వము కొఱకు గ్రామముల అప్పులను విచారించినపుడు ఒక సంగతి బయటపడెను. యుద్ధకాలమున ధాన్యము వెలలు పెరుగగా, అమ్ముకొనుటకు గింజలున్న పెద్ద రైతులు తమ అప్పులు చాలవఱకు తీర్చుకొనిరి. గింజలు కొనుక్కొని తిను కూలివారి అప్పు మాత్రము పెరిగెను. చట్టము అందఱికి ఒక్కటే. తీర్చుకొనగలిగినవాడు చేత మిగులు గలవాడు. చట్టము వడ్డీని తగ్గింపగలదు గాని, ఇంటిలో మిగులును కల్పింపజాలదు. ఆ మిగులును కల్పించుకొనవలసినది ఇంటివారే. ఎట్లు కల్పించుకొనవలెనో చెప్పుటయే ఇక నా పని.

మొదటి పని, అప్పులన్నిటిని ఒక్క కాగితముపై వ్రాయుట. ఎవరికి, అసలెంత, వడ్డీ యెంత, ఏ తేదీన తెచ్చినది, ఏమి కుదువ పెట్టినది, ఇంతవఱకు ఎంత చెల్లించినది, ఈ ఆఱు గడులు గీయుడు. ప్రోనోటు అప్పు, బంగారముపై అప్పు, మహిళాసంఘపు అప్పు, చీటీ బాకీ, కొట్టు ఖాతా, చేబదులు, ఏదియును విడువకుడు. ఈ కాగితము మగవాని జేబులో గాక ఇంటిలో నుండవలెను. ఇల్లాలికిని ఎదిగిన బిడ్డలకును తెలియవలెను. ఎంత కొఱతయో తెలియని ఇల్లాలు పొదుపు చేయుట యెట్లు? పొయ్యి దగ్గఱ రూపాయి మిగిల్చెడి చేయి ఆమెది. లెక్క ఆమెకు తెలియకుండ ఇంటి వెచ్చమును తగ్గింపబూనుట కండ్లు కట్టుకొని కలుపు తీయుటవంటిది.

రెండవ పని, వడ్డీని ఏడాది లెక్కలోనికి మార్చుట. నూటికి రెండు రూపాయల వడ్డీ అన్నపుడు చెవికి చిన్నదిగా వినిపించును. అది నెలకు రెండు, ఏడాదికి ఇరువదినాలుగు. నూటికి మూడన్నచో ఏడాదికి ముప్పదియాఱు. బ్యాంకులో పంటఋణము తెచ్చి గడువునకు కట్టిన రైతునకు వడ్డీ రాయితీ పోను ఏడాదికి నూటికి నాలుగే పడును. ఒకే యింటిలో నాలుగు వడ్డీ అప్పును, ముప్పదియాఱు వడ్డీ అప్పును ప్రక్కప్రక్కల నుండుట నే నెఱుగుదును. ఎక్కువ కేకలు వేయువానికి ముందు కట్టుదుము, అది సహజము. లెక్క ప్రకారము మాత్రము, అన్నిటికిని కట్టవలసినంత కట్టి, మిగిలిన ప్రతి రూపాయియు ఎక్కువ వడ్డీ గల అప్పునకే పోవలెను. అది తీఱిన పిదప దానికి కట్టుచుండిన మొత్తము తరువాతి దానికి మరల్పవలెను.

ఇప్పుడొక లెక్క. లక్ష రూపాయల అప్పు, నూటికి రెండు వడ్డీ. నెలకు రెండువేలు కట్టువాడు వడ్డీ మాత్రమే కట్టును. పదియేండ్లు కట్టినను అసలు లక్షయు అట్లే యుండును. అప్పటికి అతడు కట్టినది రెండులక్షల నలువదివేలు! నెలకు 2,500 కట్టినచో 82 నెలలకు తీఱును. మొత్తము సుమారు 2,03,000 పడును. 3,000 కట్టినచో 56 నెలలు. మొత్తము సుమారు 1,66,000. 4,000 కట్టినచో 35 నెలలు; మొత్తము సుమారు 1,40,000. మూడువేలకు ఇంకొక వేయి చేర్చుట వలన ఇరువదియొక్క నెలల చింతయు, ఇరువదియాఱువేల రూపాయలును మిగిలినవి. ఆ వేయి రూపాయలనగా దినమునకు ముప్పదిమూడు రూపాయలు. అప్పును తీర్చునది వడ్డీ కాదు, వడ్డీకి పైన కట్టిన రూపాయి యని ఇందు గ్రహింపవలెను.

ఆ పై రూపాయి ఎక్కడనుండి వచ్చును? ఒక యింటిని ఊహింతము. మగడు రాతి ఫ్యాక్టరీలోను, ఆలు పొలములోను పనిచేయుదురు. నెలకు ఇద్దఱికిని సగటున 20,000 వచ్చుననుకొందము. తిండికిని గ్యాసునకును 8,000, పిల్లల చదువునకు 1,500, మందులకు 1,000, కరెంటునకు, ఫోనునకు 900, మోటారుసైకిలు పెట్రోలునకు, ప్రయాణములకు 1,600, బట్టలకు, పండుగలకు 1,500, హోటలు కాఫీకి, బీడీలకు, మద్యమునకు 2,000, పెండ్లిండ్లలో చదివింపులకును, శుభాశుభములకును 1,500. మొత్తము 18,000. మిగిలినది 2,000. అది లక్ష అప్పుపై వడ్డీకి సరిపోయెను. ఈ యిల్లు బాగుగానే నడచుచున్నట్లు కనిపించును. ఎవ్వరును పస్తు లేరు. అప్పు మాత్రము వారి తరువాతి తరమునకు ఆస్తివలె సంక్రమించును.

ఇందు ఏది కోయవలెను? సాధారణముగా ముందు పాలు మానుదురు, పప్పు మానుదురు, ఆడపిల్లను బడి మాన్పింతురు, ముసలివారి మందు మానుదురు. ఇది మిక్కిలి తప్పు కోత. కూలి చేయు దేహమునకు తిండి తగ్గించుట ఎద్దునకు మేత తగ్గించి ఎక్కువ దున్నుమనుటవంటిది. మానిన మందు రేపు ఆసుపత్రి అప్పుగా తిరిగివచ్చును. మానిన చదువు తిరిగి రానేరాదు. కావున తిండి, చదువు, మందు, ఈ మూటి జోలికి పోవలదు. తిండిలో పొదుపు వేఱు, కోత వేఱు. చౌకధరల దుకాణపు బియ్యమును అమ్ముకొనక వాడుకొనుట, పొలము గట్టున కందులు, అనుములు, గోంగూర వేసికొనుట, పండినపుడు సంవత్సరమునకు సరిపడు మిరపకాయలు, చింతపండు కొని పెట్టుకొనుట, ఇవి పొదుపు.

కోయవలసినది ఇతరులు చూచుటకై చేయు ఖర్చు. పై లెక్కలో హోటలు, బీడీ, మద్యములకైన రెండువేలలో వేయి తగ్గింతము, పెట్రోలులో 400, బట్టలు, పండుగలలో 400, చదివింపులలో 700. మొత్తము 2,500. ఇందు 2,000 అప్పునకు చేర్చినచో నెలకు 4,000 అగును. 35 నెలలకు లక్ష అప్పు తీఱును. మిగిలిన 500 ఆపదల కొఱకు వేఱుగా పెట్టవలెను. ముప్పదియైదు నెలలకు అది 17,500 అగును. ఈ ఐదువందలను తక్కువగా చూడకుడు. పిల్లకు జ్వరము వచ్చిననాడు చేత నేమియు లేకున్నచో, మఱల నూటికి మూడు వడ్డీకి పోవుట తప్పదు. అప్పు తీర్చుచునే చిన్న పాతర త్రవ్వుకొనుట యన నిదియే.

ఈ రెండు మొత్తములను నెల చివర మిగిలినచో కట్టుదమనుకొనువాడు ఎన్నడును కట్టడు. కూలి చేతికి వచ్చిననాడే ముందుగా తీసిపెట్టవలెను. రైతైనచో పంట అమ్మిననాడే. విత్తనపు గింజలను వేఱుగా కట్టిన పిమ్మటనే గదా తిండిగింజలు గాదె కెక్కుట! ఎంత ఆకలియైనను రైతు విత్తనము తినడు. అప్పునకు తీసిన రూపాయిని ఆ విత్తనముతో సమానముగా చూడవలెను.

కట్టిన సొమ్ము లెక్కలో చేరునట్లు చూచుకొనుటయు అంత ముఖ్యమే. సొమ్ము ఇచ్చినప్పుడెల్ల ప్రోనోటు వెనుక చెల్లు వ్రాయించి, తేదీ వేసి సంతకము చేయించుడు. నోటిమాటను నమ్మి ఇచ్చినది పదేండ్ల తరువాత ఎవ్వరికిని గుర్తుండదు. మన కాలపరిమితి చట్టము ప్రకారము ప్రోనోటునకు మూడేండ్ల గడువు. చెల్లు వ్రాసిన తేదీనుండి ఆ గడువు మఱల మొదలగును. ఈ చెల్లు అప్పిచ్చినవానికిని రక్షణయే గనుక ధర్మపరుడెవ్వడును వ్రాయుటకు వెనుకాడడు. ఖాళీ కాగితముపై సంతకము చేయవలదు. అప్పు తీఱిననాడు నోటును చేతికి పుచ్చుకొనక ఇల్లు చేరవలదు.

అప్పు తీర్చుటకు అప్పు చేయవచ్చునా యని కొందఱు అడుగుదురు. వడ్డీ తగ్గునట్లైన చేయవచ్చును, లేనిచో చేయరాదు. ఆ లక్షయే మహిళాసంఘములో నూటికి రూపాయి వడ్డీకి దొరికినదనుకొనుడు. నెలకు అదే 4,000 కట్టినచో 35 నెలలకు బదులు 29 నెలలకే తీఱును. మొత్తము సుమారు 1,16,000 మాత్రమే పడును. కాని ఆ లక్ష తిన్నగా పాత నోటునకు పోవలెను. దారిలో టీవీగా మాఱరాదు.

ఈ సంఘముల బలమును మన పొరుగుననే చూడవచ్చును. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలములో 1990వ దశకమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో పేద స్త్రీలు పొదుపు సంఘములు కట్టుకొని, వానినన్నిటిని మండల సమాఖ్యగా కూర్చుకొనిరి. ఆ కాలమున మన రాష్ట్రపు పొదుపు సంఘములలో దినమునకొక రూపాయి దాచుట వాడుక. అందఱి రూపాయలు ఒక్కచోట చేరగా, అక్కఱ గలిగినపుడు తమ సొమ్మునే తాము అప్పు తీసికొనగలిగిరి. రూపాయి చిన్నది, నియమము పెద్దది.

అదే రాష్ట్రమున దీనికి విపరీతమును జరిగినది. సూక్ష్మఋణ కంపెనీలు ఒక్క యింటికే మూడు నాలుగు అప్పులిచ్చి, వారము వారము వసూళ్లకు ఒత్తిడి చేయగా, సంసారములు నలిగిపోయెను. 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. 2022లో రిజర్వు బ్యాంకు, ఏడాదికి మూడులక్షలకు మించని రాబడి గల కుటుంబమునకు తాకట్టు లేకుండ ఇచ్చు అప్పులను గూర్చి నియమములు చేసెను. ఆ కుటుంబము నెలనెలా కట్టవలసిన వాయిదాలన్నియు కలిసి రాబడిలో సగమునకు మించరాదు. గడువునకు ముందే తీర్చువానిపై అపరాధరుసుము వేయరాదు. సగమన్నది అప్పిచ్చువానికి గీసిన గీత. తీసికొనువాడు అంతకంటె చాల ఇవతలనే ఆగవలెను. ఇప్పుడు చేతి ఫోనులోనే క్షణములో అప్పు పుట్టుచున్నది. ఆ ఫోనులోనే పందెములును ఆడుచున్నారు. జూదములో ఓడి అప్పులపాలై, రాత్రివేళ పరుల యిండ్లకు పోవు జూదరి దైన్యము ఋగ్వేదములోనే యున్నది. పాచికలు మాఱినవి, ఆ రాత్రి మాఱలేదు. మీ యింటి యువకుల ఫోనులపై ఒక కన్ను వేసి యుంచుడు.

గ్రామ పెద్దలారా, ఇంతవఱకు చెప్పినది సంసారుల పని. ఇక మీ పని యొకటి యున్నది. అది లేక పై లెక్కలన్నియు సగమే ఫలించును.

చదివింపులలో ఏడువందలు తగ్గింపుమని నేను సులభముగా చెప్పితిని. ఒక పేదవాడు దానిని ఒంటరిగా చేయగలడా? పోయిన యేడు తన బిడ్డ పెండ్లికి వేయి చదివించినవానికి, ఈ యేడు తాను ఐదువందలు చదివించినచో ఊరేమనును? దేవర వచ్చినపుడు వీధివారందఱు పొట్టేళ్లు కోసి చుట్టములను పిలువగా, తానొక్కడు తలుపు వేసికొని కూర్చుండగలడా? తండ్రి పెద్దదినమున ఊరంతయు భోజనమునకు ఎదురుచూచుచుండగా, తన ప్రోనోటు సంగతి చెప్పి తప్పించుకొనగలడా? పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నదని నవ్వుదుము. ఆ నక్కను వాత పెట్టుకొమ్మని ఒత్తిడి చేయునది మన పంక్తియే గదా! పరువు అనునది ఒక్క యింటి సొత్తు కాదు. ఊరు నిర్ణయించు ధర. ఆ ధరను తగ్గింపగలవారు ఊరిలో పెద్దలే.

కావున ఊరు కూడి కొన్ని కట్టుబాట్లు చేసికొనవచ్చును. చదివింపులకు ఒక చిన్న మొత్తమును మీది హద్దుగా నిర్ణయించి, కలవాడును దానిని మీఱకుండ చూడుడు. పెద్దదినమున బంధువులకు మాత్రమే భోజనమని నిశ్చయింపుడు. దేవరను వీధికొక పొట్టేలితో జరుపవచ్చును. దేవత తక్కువ అనుగ్రహింపదు. పెండ్లిని మన మద్దిలేటి నరసింహస్వామి సన్నిధిలో కొలదిమంది నడుమ జరిపినచో మంగళసూత్రపు బలము తగ్గదు. అన్నిటికంటె ముందు, ఈ కట్టుబాటును మొదట పాటింపవలసినది ఊరిలో ధనికుని యిల్లు. అతడు వేయిమందికి పెట్టగలిగియు నూఱుమందికి పెట్టిననాడు, పేదవానికి నూఱుమందికి పెట్టుట అవమానము కాకపోవును. ధనికుడు పొదుపు చేసి పేదవానికి చేయగల దానము ఇదియొక్కటే. దీనికి అతని చేతినుండి పైకము పోదు.

రచ్చబండ దగ్గఱ అప్పు తగవు వచ్చినపుడును మీ మాటకు విలువ కలదు. అప్పిచ్చిన వారందఱును క్రూరులు కారు. తన కడపటి దినములకు దాచిన సొమ్మును వడ్డీకిచ్చిన వితంతువు కూడ అప్పులదే. ఆమె అసలు మునుగరాదు. కాని అసలునకు రెట్టింపు ముట్టిన పిదప కూడ నోటు తిరిగి ఈయనివానికి, స్మృతికారులును 1938 నాటి శాసనకర్తలును చెప్పిన హద్దును జ్ఞాపకము చేయుడు. తీర్చువాడు నెలనెలా నియమముగా కట్టుచున్నపుడు, ఆ చెల్లును నోటుపై వ్రాయింపుడు. ఇరువురికిని న్యాయము చేయు సాక్షి ఊరిలో నున్నచో, కోర్టు మెట్లెక్కు ఖర్చును మిగులును.

ఋణశేషమును అగ్నిశేషమును మిగులనీయరాదని పెద్దలు రెంటిని జతచేసి చెప్పిరి. నివురు క్రింద నున్న నిప్పును కాలితో కదపి చూచి ఆర్పిన గాని గడ్డివామి దగ్గఱ నిద్రింపము. ఇంటి అప్పును కూడ అట్లే కదపి చూడవలెను. ఈ రాత్రి భోజనములైన పిమ్మట దంపతులిద్దఱును దీపము దగ్గఱ కూర్చుండి ఆ ఆఱు గడుల కాగితమును వ్రాయుదురు గాక. వ్రాయుట రానివారికి బడిలో చదువు బిడ్డ వ్రాసిపెట్టును. ఆ బిడ్డకును అది మంచి లెక్కల పాఠమగును. ఎల్లుండి కూలి ముట్టినపుడు మొదటి రూపాయి ఎటు పోవలెనో ఆ కాగితమే చెప్పును.